మే ఒకటి లోపల

వంటింటి బల్ల మీద రెండు ఉత్తరాలు.
ఒకటి దళసరి కాగితం, అంచుకి బంగారు గీత.
రెండోది మామూలుది,
మా ఇంటి ప్రింటర్లోంచి వచ్చినంత మామూలుది.
వాటి మీద ఉప్పుడబ్బా పెట్టింది తరళ.
ఎగిరిపోతాయనా?
కిటికీలు నవంబరు నుంచీ మూసే ఉన్నాయి.

చలికాలమంతా దీనికే సరిపోయింది.
నైట్ డ్యూటీ దిగి, చేతులకింకా స్పిరిట్ వాసన పోకుండానే
డులూత్ నుంచి మినియాపొలిస్, అక్కణ్ణుంచి షికాగో.
డిక్కీలో ట్యాప్ బూట్లు టకటకా దొర్లుతుంటే
వెనక సీట్లో పిల్ల, నీళ్లసీసాలో గొట్టం పెట్టి
బుడబుడా ఊదుతూ గొంతు వేడెక్కించుకునేది.
హోటల్ వరండాలో ఛాతీకి నెంబర్లు గుచ్చుకున్న పిల్లలు
నూట పద్నాలుగు మంది.
సగం మందివి ఒకే నీలం గౌన్లు.
"పదహారు బార్లు పాడితే చాలట" అని ఫోన్లో చెప్తే
"పదహారు బార్లలోనా!" అని గుండె పట్టుకుంది మా పిన్ని.

బంగారు గీత కాలేజీలో ఒకాయన టైంటేబుల్ చూపించాడు.
ఎనిమిదింటికి గాత్రం, పదింటికి బ్యాలే,
ఆపైన నటన, ఆపైన మళ్లీ గాత్రం,
రాత్రి పదకొండు దాకా రిహార్సల్.
చీమ దూరే సందు లేదు.
తరళ చెయ్యెత్తింది,
"మంచు గురించి కూడా చదువుకోవచ్చా?"
ఆయన నవ్వాడు. వెటకారంగా ఏం కాదు.
"నాలుగేళ్లలో రెండు కోర్సులు నీ ఇష్టం. మూడోది ఉండదు."

మంచంటే సినిమా మంచు కాదు.
సుపీరియర్ సరస్సు ఒడ్డున ప్రతి ఆదివారం
మా పిల్ల డ్రిల్లుతో కన్నం పెట్టి స్కేలు దింపుతుంది.
ఎర్ర నోటుబుక్కులో ఏడు చలికాలాలున్నాయి, సెంటీమీటర్లలో.
కొలుస్తూ పాడుతుంది.
కాళ్ల కింద మంచు పగుళ్లిస్తూ మూలిగితే
ఆ శ్రుతి పట్టుకుంటుంది,
"అమ్మా, ఇవాళ అరస్వరం కిందకి దిగింది" అంటుంది.
నేను ఫ్లాస్కులో టీ పట్టుకుని నిలబడతాను.
ఏది పాటో ఏది కొలతో విడదీసి చూడాలని
నాకెప్పుడూ తోచలేదు.

రెండో కాలేజీలో స్టేజీ కింద, నేలమాళిగలో, ఫ్రీజర్లు.
రాజు వేషం కుర్రాడు కిరీటంతోనే దిగొచ్చి
మంచుకడ్డీల ఉష్ణోగ్రత రాసుకుని
గబగబా మెట్లెక్కి పోయాడు.
తరళ నా మోచెయ్యి గిల్లింది.
వాళ్ల స్టేజీ చిన్నది. తెర ఒక మూల చిరిగింది.
ఇక్కడ చదివి న్యూయార్క్ ఎవరైనా వెళ్తారా అని అడిగాను.
"కొందరు వెళ్తారు" అంది ప్రొఫెసరమ్మ.
ఎందరో చెప్పలేదు.

"రెండు పడవల మీద కాళ్లు పెడితే..."
అన్నానా రాత్రి, గిన్నెలు తోముతూ.
సామెత పూర్తి చెయ్యనివ్వలేదు.
"ఈ ఊళ్లో పడవలు నెలల తరబడి మంచులో బిగుసుకునే ఉంటాయి.
రెండింటి మీదా నిలబడొచ్చు. గెంతొచ్చు కూడా."
మరి ఏప్రిల్ సంగతేంటే, అనలేదు.
అనగలిగేదాన్నే.
కానీ నా ర్యాంకు పిలిచిన రోజు, కౌన్సెలింగ్ హాల్లో
నాకిచ్చింది మూడు నిమిషాలు.
తెర మీద సీట్లు ఒక్కొక్కటే మాయమైపోతుంటే
ఏదో ఒకటి చెప్పేశాను.
ఇప్పటికీ దాని జీతమే తింటున్నాను.
చెడ్డ జీతం కాదు.

ఏప్రిల్ ముప్పై. సరస్సు విరుగుతోంది,
గాజుపెంకులు ఊడ్చినట్టు శబ్దం వీధి దాకా.
బంగారు గీత ఉత్తరం పట్టుకుని ఏడ్చింది.
అక్కడికే వెళ్తున్న స్నేహితురాలికి ఫోన్ చేసి నవ్వింది,
పెట్టేసి మళ్లీ ఏడ్చింది.
ముక్కు తుడుచుకుని,
చిరుగు తెర కాలేజీకి డబ్బు కట్టమంది.
నేను కార్డు నెంబరు చదువుతుంటే
ఒక్కో అంకెనీ పాడుతూ కొట్టింది,
పదహారు అంకెలు.

ఉప్పుడబ్బా తీసి పొయ్యి పక్కన పెట్టాను.
పప్పులో ఇంకా వెయ్యనేలేదు.